వేధింపు ఫోన్‌లో, శిక్ష వీధిలో

“నిన్న ఆదోని బస్సులో పచ్చ చున్నీ వేసుకున్నావు కదా, బాగుండావు.” రాత్రి పదకొండు గంటలకు తెలియని నంబరు నుంచి ఒక డిగ్రీ అమ్మాయికి ఇలాంటి మెసేజ్ వచ్చిందనుకుందాం. ఇందులో బూతు లేదు, బెదిరింపు లేదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ కంపెనీల యంత్రాలు ఎన్నిసార్లు జల్లెడ పట్టినా తప్పు మాట ఒక్కటీ దొరకదు. స్టేషన్‌కు పోతే ‘ఇందులో ఏముందమ్మా, బ్లాక్ చేసెయ్’ అన్న జవాబు రావచ్చు. పత్తికొండలోనో ఆస్పరిలోనో ఉండే ఆ అమ్మాయికి మాత్రం ఇందులో ఏముందో పూర్తిగా తెలుసు. ఎవడో తనను గమనిస్తున్నాడు, తానెక్కే బస్సు వాడికి తెలుసు, రేపు మళ్లీ ఆ బస్సే ఎక్కాలి. అంతకన్నా భయపెట్టేది ఇంకొకటి ఉంది. ఈ మెసేజ్ ఇంట్లో ఎవరి కంటనైనా పడితే ‘ఎవడు వాడు’ అనే ముందు ‘నీ నంబరు వానికెట్ల పాయె’ అని అడుగుతారు. పంపినవాడికి ఈ సంగతి బాగా తెలుసు. వాడి ధైర్యమంతా అదే.

ఆన్‌లైన్ వేధింపుల మీద మన పత్రికల్లో, టీవీ చర్చల్లో నడిచే మాటంతా పంపినవాడి చుట్టే తిరుగుతుంది: వాడి సంస్కారం, వాడి పెంపకం, వాడికి పడాల్సిన శిక్ష. ఇరవై ఏళ్లుగా చట్టాలు కూడా ఆ దారిలోనే నడిచాయి. నాకు తోచేది వేరు. ఈ వేధింపులో దెబ్బ కొట్టే శక్తి పంపినవాడి చేతిలో ఉండేది కొంచెమే. మిగతాదంతా చూసేవాళ్ల దగ్గర, చూస్తారేమోనన్న భయం దగ్గర ఉంటుంది. అందుకని ఏ విరుగుడునైనా తూచాల్సిన పద్ధతి మారాలి. ఎంతమందిని అరెస్టు చేశారన్న లెక్క కన్నా, నలుగురి కంట పడకుండా ఎంత తొందరగా ఆపగలిగారు, బాధపడ్డ మనిషి మాట తిట్టకుండా వినే ఇంకో మనిషి ఎంత దగ్గరలో ఉన్నారు అన్న లెక్క ముఖ్యం. తెలుగునాట గత పది పదిహేనేళ్లలో జరిగినవాటిని దగ్గరపెట్టుకుని చూస్తే ఈ మాటకు ఆధారాలు చాలా దొరుకుతాయి. ఎదురు మాటలు కూడా దొరుకుతాయి, వాటిలో కొన్ని గట్టివే.

ముందు స్థలం సంగతి. ఇది హైదరాబాదు వాళ్ల బాధ, సినిమావాళ్ల బాధ, పడమటి కర్నూలులో పత్తి, టమాటా, వేరుశనగ పండించుకునేవాళ్లకు దీనితో ఏం పని అనేవాళ్లున్నారు. నిజానికి పట్నంలో ఒకరి ఫోటో నలుగురిలోకి పోతే చూసేవాళ్లలో ఎక్కువమంది ఆ మనిషిని ఎరగరు. పత్తికొండ టమాటా మార్కెట్ దగ్గర అదే ఫోటో ఫోన్లలో తిరిగితే చూసేవాళ్లలో మేనమామ ఉంటాడు, ట్యూషన్ సారు ఉంటాడు, రేపు సంబంధం మాట్లాడటానికి వచ్చేవాళ్లు ఉంటారు. ఊరి గ్రూపు, కులం గ్రూపు, కాలేజీ బ్యాచ్ గ్రూపు, పార్టీ గ్రూపు అన్నిట్లోనూ సగం మంది ఒకరే. ఇంకో పక్క ఈ ప్రాంతంలో ఏటా వలస ఉంటుంది. కోసిగి, ఆదోని, పత్తికొండ పల్లెల నుంచి మిరప కోతలకు, పత్తి తీతకు గుంటూరు వైపో కర్ణాటక వైపో పోయినప్పుడు మొగుడికీ పెళ్లానికీ, తల్లికీ బిడ్డకీ మధ్య ఉండే తాడు ఫోన్ ఒక్కటే. ఆ ఫోన్ మీద ఒక అనుమానం పుట్టిస్తే చాలు. దగ్గర ఉంటే ఎదురుగా కూర్చుని తేల్చుకునే మాట, మూడు వందల కిలోమీటర్ల దూరంలో తేలదు.

లెక్కలు ఈ సంగతి చెప్పవు. జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రకారం 2022లో దేశంలో నమోదైన సైబర్ నేరాలు 65,893. అందులో 64.8 శాతం డబ్బు మోసాలు. బెదిరించి గుంజుకోవడం 5.5 శాతం, లైంగిక దోపిడీ 5.2 శాతం. తెలంగాణలో 15,297 కేసులు నమోదైతే ఆంధ్రప్రదేశ్‌లో 2,341. ఆంధ్రావాళ్లు తెలంగాణవాళ్ల కన్నా ఆరు రెట్లు మర్యాదస్తులని దీన్నిబట్టి ఎవరైనా సంతోషించదలిస్తే అడ్డుపడను. అక్కడ ఫిర్యాదు రాసుకునే ఏర్పాటు ముందుగా బలపడింది, ఇక్కడ ఆలస్యమైంది, అంతవరకే నాకు కనిపిస్తుంది. మోసాలకూ వేధింపులకూ మధ్య ఉన్న తేడా కూడా అలాంటిదే. ఖాతాలో నలభై వేలు పోతే మనిషి వెంటనే 1930కి ఫోన్ చేస్తాడు, నలుగురికీ చెప్పుకుంటాడు, వినేవాళ్లు జాలిపడతారు. ఫోటో పోయిందని చెప్పుకుంటే వినేవాళ్లు ఇంకోలా చూస్తారు. కాబట్టి చెప్పుకోరు, కాబట్టి లెక్కలోకి రాదు, కాబట్టి పోలీసుల దృష్టీ, ప్రభుత్వ డబ్బూ మోసాల వైపే పోతాయి.

నా వాదనకు అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఆడపిల్లల ఫోటోల దగ్గర మొదలు కాలేదు. అప్పుల యాప్‌ల దగ్గర మొదలైంది. లాక్‌డౌన్ తర్వాత, 2020 చివర్లో, ఈ యాప్‌ల వేధింపు తట్టుకోలేక తెలంగాణలో వరసగా ఆత్మహత్యలు జరిగినప్పుడు పోలీసులు కాల్‌సెంటర్ల మీద పడ్డారు. అప్పుడు బయటపడిన పద్ధతి చాలా చిన్నది. మూడు వేలో అయిదు వేలో అప్పిచ్చేటప్పుడు యాప్ ఫోన్‌లోని నంబర్లన్నీ, ఫోటోలన్నీ తీసేసుకుంటుంది. వాయిదా తప్పితే అప్పు తీసుకున్నవాడిని తిట్టడం మొదటి మెట్టు మాత్రమే. రెండో మెట్టులో అతని ఫోటోకో, అతని భార్య ఫోటోకో నగ్న శరీరం అతికించి, మామకు, మేస్త్రీకి, ఆఫీసులో పై అధికారికి పంపుతారు. 2022 సెప్టెంబరులో రాజమహేంద్రవరంలో ఒక జంట ఇద్దరు చిన్నపిల్లల్ని వదిలి ప్రాణాలు తీసుకున్నది ఇలాంటి బెదిరింపుకే. 2024 డిసెంబరులో విశాఖపట్నంలో కొత్తగా పెళ్లయిన ఒక యువకుడు చనిపోయినప్పుడు, కట్టాల్సిన బాకీ రెండు వేలని వార్తలొచ్చాయి. ఇక్కడ వేధించినవాడికి బాధితుడి మీద ద్వేషం లేదు, మోహం లేదు, ముఖపరిచయం కూడా లేదు. నేర్చుకున్న విద్య ఒక్కటే: ఈ సమాజంలో మనిషికి ప్రాణం కన్నా నలుగురి చూపు బరువు. ఆ చూపును వసూలు గుమాస్తాగా పెట్టుకున్నారు.

దీన్ని కొంతవరకు అడ్డుకున్నది ఏమిటో చూడండి. రిజర్వు బ్యాంకు వేసిన కార్యబృందం 2021 జనవరి, ఫిబ్రవరి నెలల్లో 81 యాప్ స్టోర్లు వెతికితే మన దేశీయుల కోసం పెట్టిన అప్పుల యాప్‌లు సుమారు 1,100 కనిపించాయి. అందులో 600 అక్రమమైనవి. 2022 సెప్టెంబరు 2న రిజర్వు బ్యాంకు ఇచ్చిన మార్గదర్శకాల్లో, అప్పిచ్చే యాప్ ఫోన్‌లోని నంబర్ల జాబితా, కాల్ వివరాలు, ఫోటోలు ముట్టుకోకూడదని ఉంది. 2023 మే 31 నుంచి గూగుల్ కూడా తన స్టోర్‌లోని అప్పుల యాప్‌లకు నంబర్లూ ఫోటోలూ తీసుకునే వీలు తీసేసింది. పక్కదారిలో ఫైలు పంపి ఎక్కించుకునే దొంగ యాప్‌లు ఇంకా ఉన్నాయి, విశాఖ మరణం ఆ తర్వాతదే. అయినా దారి ఎటు ఉందో తెలిసింది. పట్టుకున్న గుమాస్తాల స్థానంలో కొత్తవాళ్లు వస్తారు. బంధువుల నంబర్లు చేతికి రాకపోతే ఎంత కొత్తవాడైనా చేయగలిగింది తక్కువ. ఇంకో మాట: ఈ వేధింపులో చచ్చినవాళ్లలో మగవాళ్లు చాలామంది. పరువు ఆడవాళ్లకు మాత్రమే తగిలించిన బరువని అనుకునేవాళ్లు ఈ కేసుల్ని కొంచెం ఓపిగ్గా చదవాలి.

చూపు భయపెడుతుందన్నది ఒక సగం. చూపు లాభం కూడా తెస్తుందన్నది రెండో సగం. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖాన్ని వేరే యువతి శరీరానికి అతికించిన వీడియో దేశమంతా తిరిగింది. 2024 జనవరి 20న ఢిల్లీ పోలీసులు ఆ వీడియో తయారుచేసినవాడిని పట్టుకున్నది గుంటూరు జిల్లాలో. ఇంజనీరింగ్ చదివినవాడు, ఆమె పేరుతో అభిమానుల పేజీ నడుపుతున్నవాడు. రెండు వారాల్లో పేజీని అనుసరించేవాళ్లు 90 వేల నుంచి లక్షా ఎనిమిది వేలకు పెరిగారని, అతను కోరుకున్నది అదేనని పోలీసులు చెప్పారు. అభిమానం పేరుతోనే అవమానించాడు, కారణం అంకె. 2020 జూన్‌లో నటి మీరా చోప్రా తనకు ఫలానా హీరో కన్నా మహేశ్ బాబు ఇష్టమన్నందుకు అభిమానుల గుంపు అత్యాచారం చేస్తామని రాసింది, హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు కేసు పెట్టారు. గుంపులో మెప్పు కోసం ఒకరిని మించి ఒకరు రాస్తారు. తిట్టేది ఆమెను, చూపించుకునేది పక్కనున్న తోటి అభిమానికి. రాజకీయాల్లోనూ ఇదే పద్ధతి. 2019 మార్చి నుంచి మే వరకు, అంటే ఎన్నికల కాలంలో, 95 మంది భారతీయ మహిళా నాయకులను ఉద్దేశించిన ట్వీట్లను ఆమ్నెస్టీ పరిశీలించినప్పుడు ప్రతి ఏడింటిలో ఒకటి అభ్యంతరకరమైనదో తిట్టో అయింది. అదే ఏడాది జనవరిలో వై.ఎస్. షర్మిల తన మీద తిరుగుతున్న పుకార్ల గురించి హైదరాబాద్ పోలీసు కమిషనర్‌ను కలిసి ఫిర్యాదు ఇవ్వాల్సి వచ్చింది.

నాయకులకూ నటులకూ కమిషనర్ తలుపు తెరుచుకుంటుంది. 2024 మార్చిలో, ఎన్నికల ముందు, తెనాలిలో ఒక గృహిణి తనకు ఇంటి పట్టా వచ్చిన సంతోషం ఒక యూట్యూబ్ చానల్‌తో పంచుకుంది. ఆ వీడియోను పట్టుకుని ఎదుటి పక్షం పేజీలు ఎగతాళి మొదలెట్టాయి. కొద్ది రోజులకు ఆమె రైలు కింద పడి, ఆసుపత్రిలో చనిపోయింది. ఎగతాళి వల్లే చనిపోయిందని ఒక పార్టీ, అసలు కారణం వేరని ఇంకో పార్టీ వాదించుకున్నాయి. ఆ తగువు తేల్చడం ఇక్కడ నా పని కాదు. కానీ ఆమె బతికి ఉన్నప్పుడు ఎంతమంది చూశారో, చనిపోయాక అంతకన్నా ఎక్కువమంది అదే వీడియోను చూశారు, అటువాళ్లూ ఇటువాళ్లూ దాన్ని మళ్లీ మళ్లీ పంచారు. ఒక మామూలు మనిషి ఒక్కసారి నలుగురి కంట పడ్డాక వెనక్కి రావడానికి దారి లేదని ఆ రోజులు చూపించాయి.

చట్టం లేక ఇదంతా జరుగుతోందనడం కుదరదు. దేశంలో ఇంటర్నెట్ వేధింపు మీద మొదటి శిక్షగా చెప్పుకునేది చెన్నైలో 2004 నవంబరులో పడింది, అదీ కేసు పెట్టిన ఏడు నెలల్లో. విడాకులు తీసుకున్న ఒక స్త్రీ గురించి అసభ్య రాతలు రాసి, ఆమె ఫోన్ నంబరుతో సహా యాహూ గ్రూపులో పెట్టాడు ఒకడు. ఆమెను పెళ్లాడాలనుకున్న పరిచయస్తుడే. తాను ఒక్కసారీ ఫోన్ చెయ్యాల్సిన అవసరం లేకపోయింది, ఆ పని ముక్కూమొహం తెలియనివాళ్లు చేశారు. తర్వాత 2008 సవరణతో ఐటీ చట్టంలో ఇతరుల అంతరంగిక చిత్రాలు తీయడం, పంచడం నేరమయ్యాయి. 2013లో వెంటపడి వేధించడం శిక్షాస్మృతిలోకి వచ్చింది, ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. స్త్రీల మీద ఈమెయిల్, సోషల్ మీడియా వేధింపుకు విడిగా 354ఈ అనే సెక్షన్ చేరుస్తూ ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2019 డిసెంబరులో దిశ బిల్లు ఆమోదించింది. దానికి రాష్ట్రపతి ఆమోదం రాలేదు. బిల్లు అమల్లోకి రాకపోయినా దిశ పేరుతో యాప్ వచ్చింది, ప్రభుత్వం మారాక 2025 మార్చిలో శక్తి యాప్ వచ్చింది. బటన్ నొక్కితే పోలీసు బండి వచ్చే ఏర్పాటు రోడ్డు మీద ఉన్న ఆడపిల్లకు పనికొస్తుంది. ఫోన్‌లో తిరుగుతున్న ఫోటోకు బండి ఎక్కడికని పోతుంది?

అసలు చిక్కు సెక్షన్ల లోపలే ఉంది. ఐటీ చట్టం 78వ సెక్షన్ ప్రకారం ఆ చట్టం కింద కేసును ఇన్‌స్పెక్టర్ హోదాకు తగ్గని అధికారి దర్యాప్తు చెయ్యాలి. మండలాల్లో చాలా స్టేషన్లకు పెద్ద ఎస్ఐ. అంటే తుగ్గలిలోనో దేవనకొండలోనో ఇచ్చిన కాగితం పైకి సీఐ దగ్గరికి, అక్కడి నుంచి సాంకేతిక సాయం కోసం జిల్లా కేంద్రానికి పోవాలి. ఆదోని నుంచి కర్నూలు దాదాపు వంద కిలోమీటర్లు. ఇక న్యాయ సంహిత 78 ప్రకారం వెంటపడటం నేరం కావాలంటే, ఆమెకు ఇష్టం లేదని స్పష్టంగా తెలిసినా మళ్లీ మళ్లీ పలకరించి ఉండాలి. మొదటిసారి నేరానికి బెయిలు ఉంది. చున్నీ రంగు చెప్పిన ఆ ఒక్క మెసేజ్ చాలదు. ‘నాకు మెసేజ్ చెయ్యొద్దు’ అని ఆమె ఒక్కసారి రాసి, ఆ జవాబునూ తర్వాత వచ్చినవాటినీ తేదీలతో దాచుకోవాలి. మన పిల్లలు భయంతో చేసేది దీనికి పూర్తిగా తిరుగు: ముందు మొత్తం డిలీట్ చేస్తారు, తర్వాత బ్లాక్ చేస్తారు, ఆ తర్వాత ఏడుస్తారు. ఖాతా పేరు ఎవడైనా క్షణంలో మార్చుకుంటాడు. కనిపించిన వెంటనే ఖాతా లింకు కూడా రాసిపెట్టుకోవాలని పదో తరగతిలో చెప్పే బడి ఎక్కడైనా ఉంటే దానికి నా నమస్కారం.

చట్టం మీద అన్నిటికన్నా గట్టి అభ్యంతరం ఇంకోటి. వేధింపు పేరు చెప్పి అధికారంలో ఉన్నవాళ్లు నోళ్లు మూయిస్తారని. ఇది ఊహ కాదు. 2013 మేలో పౌరహక్కుల సంఘం నాయకురాలు జయా వింధ్యాలను చీరాల ఎమ్మెల్యే గురించి, తమిళనాడు గవర్నర్ రోశయ్య గురించి ఫేస్‌బుక్‌లో రాసినందుకు ఐటీ చట్టం 66ఏ సెక్షన్ కింద అరెస్టు చేశారు. ఆ విషయం సుప్రీంకోర్టు దాకా పోయి, పై అధికారి అనుమతి లేకుండా ఆ సెక్షన్‌లో అరెస్టులు వద్దని ఆదేశం వచ్చింది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ తీర్పులో ఆ సెక్షనే కొట్టివేశారు. 2020లో విశాఖ ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ ప్రమాదం మీద ఒక పోస్టు పంచుకున్నందుకు గుంటూరులో అరవై దాటిన స్త్రీ మీద సీఐడీ కేసు పెట్టింది. అదే ఏడాది అక్టోబరులో, హైకోర్టు న్యాయమూర్తుల మీద వచ్చిన అసభ్య పోస్టుల దర్యాప్తు సీబీఐకి పోయింది. ప్రభుత్వం మారింది, పద్ధతి పెద్దగా మారలేదు. 2025 ఫిబ్రవరి చివర్లో అరెస్టయిన నటుడు పోసాని కృష్ణమురళిని, చంద్రబాబు నాయుడు, పవన్ కల్యాణ్‌ల మీద వ్యాఖ్యల కేసుల్లో ఊరూరా తిప్పారు. వాటిలో ఒక కేసు ఆదోని త్రీటౌన్ స్టేషన్‌ది, మార్చిలో ఆయన్ని తెచ్చి కర్నూలు కోర్టులో హాజరుపరిచారు. ఆ మాటల తీరును సమర్థించాల్సిన పని లేదు. కానీ ముఖ్యమంత్రిని ఎవరో ఏదో అన్నారని ఆదోని పోలీసులు ఎంతో దూరం నుంచి మనిషిని తేగలిగారు. అదే స్టేషన్ల పరిధిలో ఒక అమ్మాయి ఫోటో పెట్టినవాడి కోసం అంత దూరం పోయే ఓపిక ఎన్నిసార్లు కనిపిస్తుందో పాఠకులే ఆలోచించుకోవచ్చు. సోషల్ మీడియా పోస్టుల కేసుల్లో రిమాండ్ యాంత్రికంగా ఇవ్వొద్దని 2025 జూలైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మేజిస్ట్రేట్లకు సర్క్యులర్ పంపింది. సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు, ఫిర్యాదు ఇచ్చింది నిజంగా బాధపడ్డ మనిషేనా అని చూసుకున్నాకే కేసు కట్టమంది.

ఈ అభ్యంతరం నా వాదనను కూలదొయ్యదు, ఇంకా గట్టిచేస్తుంది. అరెస్టునే ప్రధాన మందుగా పెట్టుకుంటే ఆ మందు బలవంతుడికే ముందు అందుతుంది. నాయకుడి మీద మాట తప్పా ఒప్పా అని తేల్చాలంటే అభిప్రాయాన్ని తూచాలి, అక్కడ పోలీసు చెయ్యి ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. ఒప్పుకోలు లేకుండా తిరుగుతున్న అంతరంగిక ఫోటో, దొంగ ఖాతా, ‘కాల్ చెయ్యండి’ అని పెట్టిన ఒక గృహిణి నంబరు, వీటిని తీసెయ్యడానికి ఎవరి అభిప్రాయాన్నీ తూచాల్సిన పని లేదు. పదవిలో ఉన్నవాళ్లు తమ పనికి జవాబుదారులు, కాబట్టి వాళ్లు కొంత ఎక్కువ ఓర్చుకోవాలి. బస్సెక్కి కాలేజీకి పోయే పిల్ల ఎవరికీ ఏ జవాబూ బాకీ లేదు. ఈ తేడా పెట్టుకుంటే వాక్ స్వేచ్ఛకూ రక్షణకూ మధ్య చెబుతున్న పోట్లాటలో చాలా భాగం పలచబడుతుంది. పూర్తిగా పోదు. కులం పేరుతో తిట్టిన పోస్టు, మతం చూసి ఎంచుకున్న వేధింపు లాంటివి ఉంటాయి. 2022 జనవరి ఒకటిన ముస్లిం స్త్రీల ఫోటోలను వేలానికన్నట్టు పెట్టిన బుల్లీ బాయ్ యాప్‌లో హైదరాబాద్‌కు చెందిన వయసు మళ్లిన సామాజిక కార్యకర్త ఖాలిదా పర్వీన్ ఫోటో కూడా ఉంది. అలాంటివాటికి తీసెయ్యడం ఒక్కటే చాలదు, శిక్ష కావాల్సిందే.

పేరు దాచుకునే వీలు లేకుండా చేస్తే, ప్రతి ఖాతాకూ ఆధార్ కడితే ఇదంతా ఆగుతుందనేవాళ్లున్నారు. పైన చెప్పిన కేసుల్లో గుంటూరు కుర్రాడు దొరికాడు, చెన్నైవాడు దొరికాడు. దొరకకపోవడం కన్నా ఆలస్యంగా దొరకడం మన కష్టం. దేశం మొత్తం మాట్లాడుకున్న రష్మిక వీడియోకే రెండు నెలలు దాటింది. సిమ్ కార్డుకు గుర్తింపు కాగితాలు ఎప్పటినుంచో ఉన్నాయి, రాత్రి పదకొండుకు మెసేజ్ పెట్టేవాడిని అవి ఆపలేదు. పైగా చిన్న ఊళ్లో వాడు పక్క వీధివాడే అయ్యే అవకాశం ఎక్కువ, వాడెవడో ఆ అమ్మాయికి చాలాసార్లు ఊహకు అందుతుంది. ఇంట్లో చెప్పలేని సంగతి వేరే పేరుతో ఎవరినైనా అడగాలంటే ఆమెకూ ఆ ముసుగే అక్కర.

ఇక కంపెనీల సంగతి. 2021 ఐటీ నిబంధనలు అంతరంగిక చిత్రాలు, ఇతరుల పేరు పెట్టుకున్న ఖాతాలు, మార్ఫింగ్ చిత్రాల మీద ఫిర్యాదు వస్తే 24 గంటల్లో తీసెయ్యాలని మొదట చెప్పాయి. 2021 చివర్లో మొదలైన స్టాప్ఎన్‌సీఐఐ అనే ఏర్పాటు ఇంకో అడుగు ముందుకు వేసింది. భయపడుతున్న ఫోటోకు మన ఫోన్‌లోనే ఒక అంకెల ముద్ర తయారవుతుంది, ఫోటో ఎక్కడికీ పోదు, ముద్ర మాత్రమే కంపెనీలకు చేరుతుంది, తర్వాత ఎవరైనా అదే ఫోటో ఎక్కించబోతే గుర్తుపట్టి ఆపుతాయి. పద్దెనిమిది నిండనివాళ్లకు ఇలాంటిదే టేక్ ఇట్ డౌన్ అని 2023లో వచ్చింది. బయటికి పొక్కకముందే ఆపే పని కాబట్టి నాకు ఇది వంద అరెస్టుల కన్నా విలువైనది. వాట్సాప్ లోపల ఒకరినుంచి ఒకరికి పోయేవాటిని మాత్రం ఇది పట్టలేదు. అక్కడ పనిచేసింది వేరొకటి. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాల పుకార్లతో దేశంలో మనుషుల్ని కొట్టి చంపిన తర్వాత, ఒకేసారి అయిదుగురికి మించి ఫార్వర్డ్ చెయ్యకుండా వాట్సాప్ కట్టుబాటు పెట్టింది. 2020 ఏప్రిల్‌లో బాగా తిరిగిన సందేశాలకు దాన్ని ఒక్కరికి తగ్గిస్తే, అలాంటివాటి ప్రవాహం 70 శాతం పడిపోయిందని కంపెనీ చెప్పింది. ఒక మీట నొక్కితే పడిపోయేదాన్ని అంతకాలం ఎందుకు పారనిచ్చారన్న ప్రశ్న మిగిలే ఉంది. భాష విషయంలో కంపెనీల నిర్లక్ష్యం ఇంకా ఎక్కువ. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, అందులో మన యాస, అందులో కులం ఎత్తిపొడుపు. దీన్ని చదివి అర్థం చేసుకునే మనుషుల్ని పెట్టుకోవడం ఖర్చు, అందుకే పెట్టుకోరు.

2018 పుకార్ల కాలంలోనే తుంగభద్రకు అవతలి గట్టున జరిగినదాన్ని కర్నూలు జిల్లా సరిగ్గా గమనించలేదని నా అభిప్రాయం. జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి, పల్లెకొక పోలీసును ఒప్పజెప్పి, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో వాళ్లను చేర్పించారు. కానిస్టేబుళ్లు డప్పు పట్టుకుని పాటలు కట్టి, చూసిందల్లా నమ్మొద్దు, పంపొద్దు అని ఊరూరా చెప్పారు. ఆమె పరిధిలోని నాలుగు వందలకు పైగా పల్లెల్లో ఒక్క ప్రాణం పోలేదు. గుంపు ఎక్కడ కూడుతుందో అక్కడికే, అది కూడే ముందే, పేరూ మొహం తెలిసిన మనిషి చేరడమే ఇందులోని కిటుకు. పోలీసు గ్రూపుల్లో ఉంటే నిఘా కాదా అంటే, కావచ్చు. అందుకే ఆ మనిషి పోలీసు కాకపోతే ఇంకా మేలు. ఆంధ్రప్రదేశ్‌లో అలాంటి మనిషి ఇప్పటికే ఉంది. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాలు పదిహేను వేలకు పైగా ఉన్నాయి. వాటిలో మహిళా సంరక్షణ కార్యదర్శులను పెట్టారు. వాళ్లను మహిళా పోలీసులనాలా, ఖాకీ తొడగాలా, ఏ శాఖలో ఉంచాలా అన్న తగువులో ఏళ్లు గడిచాయి, పని మాత్రం సర్వేలు, పథకాల దరఖాస్తులు.

అంత దూరం ఎందుకు, ఆడపిల్ల చేతికి ఫోన్ ఇవ్వకపోతే సరి అనేవాళ్లకు ఒక మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు నూటికి 21 మంది, పురుషులు దాదాపు 49 మంది. ఇవ్వకపోవడం అనే మందు ఇప్పటికే వేసి చూశాం. దాని ఫలితం, ఉన్న కొద్దిమంది అలవాటు లేక సులువుగా చిక్కడం, చిక్కాక అడిగే తోటి స్త్రీ లేకపోవడం. అదే సర్వేలో 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతానికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. ఫోన్‌లో గొడవ వచ్చిందని చదువు మాన్పించి సంబంధం చూసే ఇంటికి ఈ అంకె ఎలా పెరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు. తప్పు చేసినవాడికి స్టేషన్‌లో బెయిలు దొరుకుతుంది, ఆమెకు ఇంట్లో దొరకదు. తల్లిదండ్రులది పూర్తిగా మూర్ఖత్వమని కూడా నేననను. ఊరి నోటికి వాళ్లూ భయపడతారు, ఊళ్లో బతకాలి. అందుకే ఇంటికీ స్టేషన్‌కూ మధ్య ఇంకో గుమ్మం ఉండాలి.

ఆ గుమ్మం సచివాలయం కావడానికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త యాప్ అసలే వద్దు. చిత్రం తీసెయ్యాలన్న 2021 నిబంధనలో, ఫిర్యాదు బాధపడ్డ మనిషే ఇవ్వాలని లేదు, ఆమె తరఫున ఎవరైనా ఇవ్వొచ్చని ఉంది. సచివాలయంలో కంప్యూటర్, నెట్, ప్రింటర్ ఉన్నాయి. హోసూరు లాంటి పల్లెలో ఒక అమ్మాయి సాయంత్రం నాలుగింటికి వస్తే, తలుపు దగ్గరేసి, ఖాతా లింకు రాసుకుని, స్క్రీన్‌షాట్లు తేదీతో ప్రింటు తీసి, కంపెనీకీ జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌కూ ఫిర్యాదు పెట్టి, రసీదు నంబరు ఆమె చేతికివ్వడానికి అరగంట చాలు. ఇంట్లో ఎప్పుడు, ఎవరి ద్వారా చెప్పాలో, సీఐ దగ్గరికి పోవాలా వద్దా అన్నది ఆ అమ్మాయే చెబుతుంది. పద్దెనిమిది నిండని పిల్లయితే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పక తప్పదు, ఆ మాట ఆమెకు మొదటే చెప్పాలి. దీనికి కార్యదర్శులకు రెండు రోజుల శిక్షణ, ఏ సర్వేకూ పిలవని ఒక పూట, తాళం వేసే ఒక బీరువా కావాలి. ఈ మూడూ ఇవ్వడం జిల్లా కలెక్టర్, ఎస్పీల చేతుల్లో పనే, అమరావతి దాకా పోవాల్సింది ఇందులో ఏమీ లేదు.